నేల విడిచిన సేద్యం

ఆధారం లేని ప్రయత్నాన్ని, అనుభవానికి నిలవని పాండిత్యాన్ని ‘నేల విడిచిన సాము’ అనటం తెలుగువారి వాడుక. సాము చేసేవాని కాలు నేలమీద నిలిచి ఉండాలి. కాలు నిలవనివాడు కత్తిని ఎంత వేగంగా తిప్పినా ప్రయోజనం లేదు. సేద్యానికి ఈ మాట మరింతగా వర్తిస్తుందని రైతు తరతరాలుగా నమ్ముతూ వచ్చాడు. నేల లేనిదే విత్తు లేదు. విత్తు లేనిదే పంట లేదు. అటువంటిది, మొక్క వేళ్ళను గాలిలో వేలాడదీసి, వాటిపై పోషకాలు కలిపిన నీటిని మంచులాగా చల్లి కూరగాయలు పండించే పద్ధతి నేడు ప్రయోగశాలలను దాటి నగరాల మేడలమీదికి కూడ వచ్చింది. ఈ పద్ధతికి ఏరోపోనిక్స్ అని పేరు. తెలుగులో దీనిని వాయుసేద్యం అనవచ్చు. ఇది కూడ నేల విడిచిన సామేనా, లేక రేపటి సేద్యానికి దారి చూపే విద్యా అన్నది చదువుకొనే యువతరం ఆలోచించదగిన ప్రశ్న.

సంస్కృతంలో చెట్టుకు అనేక నామాలు ఉన్నాయి. వాటిలో రెండు ఈ చర్చకు బాగా ఉపకరిస్తాయి. ఒకటి భూరుహం, రెండవది పాదపం. భూమినుండి మొలిచేది కనుక భూరుహం. పాదాలతో, అంటే వేళ్ళతో, నీటిని త్రాగేది కనుక పాదపం. మొదటి పేరు మొక్క ఎక్కడ నిలుస్తుందో చెబుతుంది. రెండవ పేరు మొక్క ఎలా జీవిస్తుందో చెబుతుంది. మొక్కకు కావలసింది మట్టా, లేక మట్టి ద్వారా అందే నీరూ పోషకాలా? ఈ రెండు పేర్ల మధ్య ఉన్న భేదంలోనే మట్టిలేని సేద్యం పుట్టుక ఇమిడి ఉంది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో జర్మనీ శాస్త్రవేత్తలు జూలియస్ ఫాన్ శాక్స్, విల్‌హెల్మ్ క్నోప్ ఈ ప్రశ్నకు ప్రయోగపూర్వకంగా సమాధానం చెప్పారు. కొన్ని ఖనిజ లవణాలను తగుపాళ్ళలో నీటిలో కరిగిస్తే, ఆ ద్రావణంలోనే మొక్క పెరిగి పూలు పూయగలదని నిరూపించారు. ఇరవయ్యవ శతాబ్దిలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికె అదే సూత్రంతో నీటితొట్లలో టమాటా తీగలను ఏపుగా పెంచాడు. ఆ పద్ధతి 1937లో హైడ్రోపోనిక్స్, అనగా జలసేద్యం, అనే పేరుతో లోకానికి పరిచయమైంది. నీటితొట్టిని కూడ తొలగించి, వేళ్ళను గాలిలోనే ఉంచి తుంపరతో పోషించే ప్రయత్నాలు కూడ ఆ శతాబ్దిలోనే సాగాయి. 1957లో ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ విధానానికి ఏరోపోనిక్స్ అని నామకరణం చేశాడు. ఆ విధంగా మొక్క మొదట మట్టిని విడిచింది. ఆపైన నీటినీ విడిచింది.

నీటిని విడవవలసిన అవసరం ఏమిటనే సందేహం సహజం. ఆకులకు గాలి అవసరమని అందరికీ తెలుసు. వేళ్ళకు కూడ గాలి అవసరమన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది. వేళ్ళు శ్వాసిస్తాయి, ప్రాణవాయువు అందకపోతే కుళ్ళిపోతాయి. పొలంలో నాలుగురోజులు నీరు నిలిస్తే మిరప తోట వడలిపోవటానికి కారణం ఇదే. 20 డిగ్రీల వేడిమి ఉన్న నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే తనలో నిలుపుకోగలదు. వేడి 30 డిగ్రీలకు చేరితే అది 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. గాలిలోనైతే అయిదవ వంతు ప్రాణవాయువే. కాబట్టి వేళ్ళను గాలిలో ఉంచి, వాటికి కావలసినంత తడిని మాత్రమే అందిస్తే అవి నీటినీ, గాలినీ ఏకకాలంలో పొందుతాయి. వాయుసేద్యానికి మూలసూత్రం ఇంతే. ఈ సూత్రంలో దోషం లేదు. ఆచరణలోనే భేదాలు ఉన్నాయి.

ఆచరణలో ఈ సేద్యం మూడు తెగలుగా కనిపిస్తుంది. మొదటిది అల్పపీడన పద్ధతి. అడుగున ఒక తొట్టి, అందులో చిన్న పంపు, పైన నిలువు స్తంభం లేదా మూతపెట్టిన పెట్టె దీని సామగ్రి. పంపు ద్రావణాన్ని పైకి పంపితే అది చినుకులుగా వేళ్ళమీద రాలి, మళ్ళీ తొట్టిలోనికే చేరుతుంది. ఇక్కడ చినుకు పెద్దది. నిజానికి దీనిని తుంపర అనటం కంటె చిరుజల్లు అనటమే సమంజసం. శుద్ధమైన వాయుసేద్యం కాదని దీనిని చిన్నచూపు చూసేవారూ ఉన్నారు.

రెండవది అధికపీడన పద్ధతి. ఇందులో ద్రావణాన్ని వాయుమండల పీడనానికి అయిదారు రెట్ల ఒత్తిడితో అతిసన్నని రంధ్రాలు గల నాజిళ్ళ గుండా చిమ్ముతారు. అప్పుడు ఏర్పడే తుంపర బిందువు వ్యాసం సుమారు 50 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్. అంటే ఆ బిందువు తలవెంట్రుక మందం కంటె కూడ చిన్నది. కొన్ని సెకనులపాటు తుంపర చల్లి, కొన్ని నిమిషాలు విరామం ఇస్తూ గడియార యంత్రం రాత్రింబవళ్ళు ఈ పనిని నడిపిస్తుంది. ఈ తుంపరలో పెరిగిన వేళ్ళకు తెల్లని నూగువంటి మూలకేశాలు దట్టంగా మొలుస్తాయి. నీటినీ పోషకాలనూ పీల్చుకొనేవి ప్రధానంగా అవే. మొక్క పెరుగుదల దృష్ట్యా మూడింటిలో మేలైనది ఈ పద్ధతి.

మూడవది పొగమంచు పద్ధతి. నీటిలో ఉంచిన చిన్న పళ్ళెం వంటి సాధనం సెకనుకు సుమారు 17 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ అతిధ్వని కంపనాలకు నీటి ఉపరితలం చెదరి, 5 మైక్రాన్ల పరిమాణంలో ఉండే బిందువులు పొగలా పైకి లేస్తాయి. చూడటానికి పుష్యమాసపు వేకువను పెట్టెలో బంధించినట్లు ఉంటుంది. పంపు మోత లేదు, నాజిళ్ళు లేవు. అందువల్ల కొత్తగా ఈ విద్యలోనికి వచ్చేవారిని మొదట ఆకర్షించేది ఇదే.

బిందువు ఎంత సన్ననైతే పద్ధతి అంత ఉత్తమమని అనుకోవటం ఈ రంగంలో తరచుగా కనిపించే భ్రమ. చిన్న లెక్కతో ఇది తేలిపోతుంది. 5 మైక్రాన్ల బిందువు వ్యాసం 50 మైక్రాన్ల బిందువు వ్యాసంలో పదవ వంతు. అయితే దానిలో పట్టే నీరు పదవ వంతు కాదు, వెయ్యవ వంతు. పైగా అంత తేలికైన బిందువు వేరుమీద వాలక, గాలివెంట తేలిపోతుంది. వేళ్ళు గుబురుగా అల్లుకొన్న తరువాత ఆ గుబురు నడిమికి పొగమంచు చొరబడలేదు. కంపించే పళ్ళెం వేడెక్కి ద్రావణాన్ని కూడ వేడెక్కిస్తుంది. ద్రావణంలోని లవణాలు పళ్ళెంమీద పేరుకొని దాని శక్తిని క్రమంగా హరిస్తాయి. కత్తిరించిన కొమ్మలకు వేళ్ళు పుట్టించటానికి, లేత నారును కొద్దిరోజులు సాకటానికి పొగమంచు చాలును. నాలుగు నెలలు నిలిచి కాయవలసిన టమాటాను, వంగను దానిమీదనే ఆధారపడి పెంచబూనటం వివేకం కాదు.

అధికపీడన పద్ధతికి ఉన్న కష్టం వేరు. సన్నని నాజిల్ రంధ్రాన్ని మూసివేయటానికి ఒక్క నలుసు చాలు. తెలుగునాట అనేక ప్రాంతాలలో బోరునీరు కఠినజలం. కుండలో కాచినప్పుడు అడుగున తెల్లని పొరగా మిగిలే సున్నమే నాజిల్ కొననూ మూసివేస్తుంది. అందువల్ల నీటిని శుద్ధి చేసే యంత్రం, వడపోత సాధనాలు, ఒత్తిడిని నిలువచేసే తొట్టి, సమయానుసారం తెరుచుకొనే కవాటం, ఇవన్నీ సమకూర్చుకోవాలి. పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపి చేసే జీవామృతం వంటి సేంద్రియ ద్రావణాలకు ఇక్కడ చోటు లేదు. నేలలోని సూక్ష్మజీవులకు అది విందు. నాజిల్‌కు మాత్రం అది బురద. సురపాలుని పేర వెలసిన వృక్షాయుర్వేదంలో కుణపజలమనే ద్రవరూపమైన ఎరువు ప్రస్తావన ఉంది. వేళ్ళకు ద్రవాహారం అందించాలన్న ఆలోచన ప్రాచీనులకూ కొత్త కాదన్నమాట. అయితే వారు దానిని నేలలో పోశారు. దానిని జీర్ణం చేసి మొక్కకు అందించే భారం నేల వహించింది. వాయుసేద్యంలో ఆ భారమంతా మనిషి మీద పడుతుంది. గాలి, నీరు ఇచ్చే మూలకాలు పోగా మిగిలిన పోషకాలన్నింటినీ అతడే కొలిచి కరిగించాలి. ద్రావణం ఆమ్లత్వాన్ని అనుదినం పరీక్షించాలి.

నేల చేసే మేలు అది ఒక్కటే కాదు. నేల ఒక నిలువ. రైతు ఒకపూట మరచినా, కాలువ ఒకవారం రాకపోయినా మట్టి తన కడుపులో దాచుకొన్న చెమ్మతో మొక్కను బ్రతికిస్తుంది. వాయుసేద్యంలో ఆ నిలువ లేదు. వైశాఖమాసపు మధ్యాహ్నం, ఎండ 42 డిగ్రీలు ఉన్నవేళ, విద్యుత్తు ఆగిపోయిందనుకొందాం. పొలంలోని బెండ మొక్కకు ఆ విషయమే తెలియదు. కొబ్బరిపొట్టు నింపిన సంచిలోని మొక్క సాయంత్రం దాకా ఓర్చుకొంటుంది. వేళ్ళు ద్రావణంలో మునిగి ఉండే జలసేద్యపు తొట్టిలోని పాలకూర కొన్ని గంటలు నిలుస్తుంది. చిరుజల్లు స్తంభంలోని మొక్క, చిక్కని వేళ్ళగుబురు పట్టి ఉంచిన తడితో కొంతసేపు తట్టుకొంటుంది. అధికపీడన తుంపరకు అలవాటుపడిన సుకుమారమైన మూలకేశాలు మాత్రం అంతసేపు ఆగలేవు. బ్యాటరీ, ఒత్తిడి తొట్టి లేకపోతే ఆ ఒక్క మధ్యాహ్నంతోనే నెలల శ్రమ ఎండిపోవచ్చు.

కనుక ఈ పద్ధతులను పోల్చేటప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న తుంపర ఎంత సన్ననిది అని కాదు. తుంపర ఆగిపోతే మొక్కకు ఎంత వ్యవధి ఉంది అని. మనిషి పొరపాటును, యంత్రం మొరాయింపును ఎంతవరకు క్షమించగలదన్నదే ఏ సేద్యపద్ధతికైనా అసలైన కొలమానం. ఆ కొలమానంతో చూస్తే చిన్నచూపుకు గురి అయిన చిరుజల్లు పద్ధతికే సామాన్యుని మేడమీద మొదటిస్థానం దక్కాలి. దాని దిగుబడి కొంత తక్కువ కావచ్చు. కాని దాని పంపు చెడితే ఊళ్ళోని మెకానిక్ బాగుచేయగలడు. దాని రంధ్రం మూసుకొంటే గృహిణి సూదితో తెరవగలదు. బాగుచేసుకోగలిగిన సాధనమే తనదైన సాధనం.

వాయుసేద్యాన్ని సమర్థించేవారు మొట్టమొదట చూపేది నీటి పొదుపు. నూటికి తొంబది పాళ్ళకు పైగా నీరు ఆదా అవుతుందని వారు అంటారు. వాడిన ద్రావణమే తిరిగి తొట్టికి చేరుతుంది కాబట్టి పొదుపు నిజమే. అయితే ఏ సేద్యంతో పోల్చినప్పుడు ఆ లెక్క వచ్చిందన్నది కూడ అడగాలి. మడి నిండా నీరు పారించే పాత పద్ధతితో పోల్చటం సులభం. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మసేద్య పథకం ప్రారంభమైన నాటినుండి అనంతపురం వంటి కరవుసీమలలో బిందుసేద్యం విస్తరించింది. మొక్క మొదట్లో బొట్టుబొట్టుగా నీరు వదిలే ఆ పద్ధతితో పోల్చినప్పుడు తేడా అంత పెద్దదిగా ఉండదు. నీటిని మిగిల్చి విద్యుత్తును ఖర్చుచేసే పద్ధతికి ఆ విద్యుత్తు ఖరీదును కూడ లెక్కలో చేర్చాలి. ఒక పద్దులో ఆదాయం, మరొక పద్దులో వ్యయం వ్రాసుకొని, మొదటి పుట మాత్రమే చూపటం ధర్మం కాదు.

వ్యయం సంగతి మరువరాదనటానికి అమెరికాలోని ఒక ఉదాహరణ చాలు. 2004లో స్థాపితమైన ఏరోఫార్మ్స్ అనే సంస్థ న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్ నగరంలో ఒక విశాలమైన భవనంలో అంతస్తులు అంతస్తులుగా ఆకుకూరలు పెంచింది. వేళ్ళకు తుంపర, ఆకులకు కృత్రిమ కాంతి. ఆ విధానాన్ని లోకమంతా మెచ్చుకొంది, పెట్టుబడులు వెల్లువెత్తాయి. అయినా 2023 జూన్‌లో ఆ సంస్థ దివాలా చట్టం రక్షణ కోరవలసి వచ్చింది. కొన్ని నెలలకు దాని నుండి బయటపడినా, ఆకు పెరిగినంత మాత్రాన లాభం పెరగదన్న పాఠం మిగిలింది. సూర్యుడు ఉచితంగా ఇచ్చే వెలుగును, నేల ఉచితంగా ఇచ్చే ఆశ్రయాన్ని కొనుక్కోవలసి వచ్చినప్పుడు ఆకుకూర కట్ట ఖరీదు ఎంతవుతుందో ఆలోచించాలి. కోట్లు గల సంస్థకే ఇంత కష్టమైతే, ప్రకటన చూసి అప్పుచేసి తుంపర యంత్రాలు కొనే యువకుని సంగతి చెప్పనక్కరలేదు.

ఇంతమాత్రాన వాయుసేద్యం వ్యర్థమని తీర్మానించటం మరొక దోషం. దానికి తగిన చోటు ఉంది; అక్కడ దానికి సాటి లేదు. బంగాళాదుంప విత్తనోత్పత్తి అందుకు చక్కని నిదర్శనం. దుంపనే విత్తనంగా నాటటం వల్ల వైరస్ తెగుళ్ళు ఒక పంటనుండి మరొక పంటకు సంక్రమిస్తాయి. తెగులు లేని తల్లిమొక్కలను ప్రయోగశాలలో పెంచి, వాటి వేళ్ళను చీకటి పెట్టెలో వేలాడదీసి అధికపీడన తుంపరతో పోషిస్తే చిరుదుంపలు గుత్తులుగా వ్రేలాడుతాయి. మట్టి అంటదు, మట్టిద్వారా వచ్చే తెగులూ అంటదు. తగిన పరిమాణానికి వచ్చిన దుంపను మొక్కకు నొప్పి తగలకుండా కోసుకొని, మిగిలిన వాటిని పెరగనివ్వవచ్చు. మామూలు పద్ధతిలో ఒక మొక్కకు పదిలోపుగా వచ్చే చిరుదుంపలు ఇందులో కొన్ని రెట్లు అధికంగా లభిస్తాయి. పెరూ దేశంలోని లీమా నగరంలో ఉన్న అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం, మన దేశంలో సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ ఈ విధానాన్ని అభివృద్ధి చేసి ప్రచారంలోనికి తెచ్చాయి. ఇక్కడ పండేది కూర కాదు, విత్తనం. ఒక చిరుదుంప తరువాతి కొన్ని పంటలకు మూలమవుతుంది. కాబట్టి దానికి పెట్టిన ఖర్చు వృథా కాదు. పైగా ఆ విత్తనం చివరకు చేరేది నేలకే.

భూమిని వదలి వెళ్ళేవారికి కూడ ఈ సేద్యం అవసరమే. 1997లో మీర్ అంతరిక్ష కేంద్రంలో చిక్కుడుజాతి మొలకలపైన, 2022లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపిన పరికరంలోనూ వాయుసేద్య ప్రయోగాలు జరిగాయి. బస్తాల మట్టిని అంతరిక్షానికి మోసుకుపోవటం సాధ్యం కాదు. అక్కడ ప్రతి నీటిబొట్టుకూ విలువ ఉంది. అక్కడ నేల లేదు గనుక నేల విడిచిన సేద్యమే సేద్యం.

ఈ తారతమ్యాన్ని గ్రహిస్తే కర్తవ్యం స్పష్టమవుతుంది. విత్తన కేంద్రానికి, పరిశోధనాలయానికి అధికపీడన తుంపర తగినది. అంటుకొమ్మలకు, లేత నారుకు పొగమంచు తగినది. చోటులేని నగరవాసికి, పాఠశాల మేడకు, ఆకుకూరలకు చిరుజల్లు స్తంభం తగినది. బెండ, వంగ, సొర, దోస వంటి కూరగాయలను జనబాహుళ్యానికి చౌకగా అందించటానికి మాత్రం నేలయే తగినది. ఆ నేలకు బిందుసేద్యం తోడైతే చాలును. జొన్న, వరి, కంది వంటి తిండిగింజల విషయంలో ఇక చర్చయే లేదు. కావలసింది ఒక పద్ధతిని ఆకాశానికి ఎత్తటమూ కాదు, మరొకదానిని పాతరవేయటమూ కాదు. దేని చోటు దానికి ఇవ్వటం.

జూనియర్ కళాశాలలో చదివే విద్యార్థి ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. ఒకే రకం పాలకూర నారును మూడు భాగాలు చేసి, ఒకదానిని మట్టికుండీలో, ఒకదానిని నీటితొట్టిలో, ఒకదానిని చిరుజల్లు పెట్టెలో పెంచాలి. నీటినీ విద్యుత్తునూ కొలిచి వ్రాసుకోవాలి. కోతకు వచ్చిన ఆకును తూకం వేయాలి. ఒకరోజు కావాలని పంపును ఆపి, ఏ మొక్క ఎప్పుడు తల వాల్చిందో గమనించాలి. ప్రకటనలు చెప్పని నిజాన్ని ఆ తల వాల్చిన మొక్క చెబుతుంది.

సాము నేర్చినవాడు గాలిలోనికి ఎగరకూడదని పెద్దలు చెప్పలేదు. ఎగిరినవాడు తిరిగి కాలూనటానికి నేల ఉండాలని మాత్రమే వారి భావం. వేళ్ళతో త్రాగగలిగినంత కాలం మొక్క గాలిలోనైనా పాదపమే. ఆ వేళ్ళకు నీరందించే చేయి ఒక్క గంట ఏమరినప్పుడు మాత్రం, అది భూరుహం కూడ అయి ఉంటే ఎంత బాగుండేదో తెలిసివస్తుంది.